బెండుకు కట్టిన రెండు తాళాలు

కారు రిపేరుకు వస్తే కౌంటర్లో కస్టమర్ చేతిలోంచి మీరు ఏం తీసుకుంటారు? తాళం అంటారు. అవును, ఒక్క తాళం. మేమూ అంతే తీసుకునేవాళ్లం. అది తప్పని నాకు బోధపడటానికి ఒక మనిషి ప్రాణం పోయింది.

ఈ సంగతి బయటపెట్టనని ఒకరికి మాటిచ్చాను. ఆ మనిషి పోయినేడు కాలం చేశారు. అయినా రాసేవాణ్ణి కాదేమో. మొన్న పనిబడి మా పాత సర్వీసు సెంటరుకు వెళ్లాను. కౌంటర్లో కొత్తగా చేరిన అబ్బాయి ఒక పెద్దాయనతో, "ఒక్క కీ చాలు సార్, మిగతా గుత్తి మీరే ఉంచుకోండి" అంటున్నాడు. అతని వెనక గోడ మీద, గుత్తి మొత్తం ఇవ్వాలని ఆ చావు తర్వాత మేం పెట్టించిన బోర్డు లేదు. రంగులు వేసినప్పుడు తీసేశారట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మాది గజపతినగరం. లారీల డైనమోలు విప్పడంతో మొదలుపెట్టి, విజయనగరంలో కార్ల సర్వీసు సెంటర్లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాను. మా సెంటరుకు స్కానర్ వచ్చినప్పుడు దాన్ని ముందు ముట్టుకున్నది నేనే. ఇక నా తలపొగరు చూడాలి! బండికి తగిలిస్తే రోగం పేరు తెర మీద రాసి చూపిస్తుంటే, ఎదుటి మనిషి చెప్పేది వినాల్సిన పనేముంది అనుకునేవాణ్ణి. కస్టమర్ నోరు తెరిస్తే, "మీరు కూర్చోండి, అది చెప్తుంది" అనేవాణ్ణి. ఎంతమందిని అలా కూర్చోబెట్టానో.

ఇమ్మొబిలైజర్ సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. కారు తాళం తలలో బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది. స్టీరింగ్ పక్కన తాళం పెట్టే కన్నం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట చిప్పును నువ్వెవరని అడుగుతుంది. జవాబు సరిపోతే ఇంజిన్ అందుకుంటుంది. సరిపోకపోతే డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఎర్రగా మినుకుమంటుంది, సెల్ఫ్ ఎంత తిప్పినా బండి లేవదు. దొంగ కోసం పెట్టిన కాపలా అది. ఆ కాపలావాడు ఒక్కోసారి ఇంటాయన్నే గుమ్మం దగ్గర ఆపేస్తాడు. అలాంటి బండ్లు నా దగ్గరికి వచ్చేవి.

ఆయన చేపల వ్యాపారి. పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఊరు. యాభై దాటిన మనిషి. పడవ మీద పెరిగి, తర్వాత చేపలు కొని టౌన్లకు పంపే స్థాయికి వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు, లోపల కూర్చుంటే ఎండుచేపల వాసన. నన్ను "బాబూ" అనేవాడు. నేను "మావా" అనేవాణ్ణి.

"బాబూ, దీనికి మూడొస్తేనే లెగుస్తాది," అన్నాడు మొదటిసారి. "నేదంటే ఎర్రబొమ్మ ఎలిగించి ఎక్కిరిస్తాది. ఆర్నెల్ల నుంచీ ఇదే వరస."

కౌంటర్లో గరివిడి నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. నన్ను "అన్నా" అనేది. ఆమె చెయ్యి చాపి, "ఒక్క తాళం చాలు మావయ్యా" అంది. అప్పటి మా బోర్డు మీద కూడా అదే ఉండేది. వాహనం తాళం ఒక్కటే ఇవ్వాలి, మిగతావి పోతే మాకు పూచీ లేదు.

ఆయన చొక్కా జేబులోంచి గుత్తి తీశాడు. గుత్తి అంటే ఏమిటనుకున్నారు, వలకు కట్టే తెల్లటి బెండు! దానికి పచ్చ నైలాన్ దారంతో రెండు కారు తాళాలు, పక్కపక్కనే, తలకు తల తగిలేలా బిగించి కట్టి ఉన్నాయి. ముడి కొస పట్టుకుని లాగాడు. ఒక్క లాగుకు వీడిపోయింది. ఒక తాళం ఆ అమ్మాయి చేతిలో పెట్టి, రెండోది బెండుతో సహా జేబులో వేసుకున్నాడు. నాకు నవ్వాగలేదు.

"ఏటి బాబూ నవ్వుతన్నావు? ఓపాలి తాళం నీల్లలో పడిపోనాది. పొద్దుగాల్నుంచి మజ్జాన్నం దాకా ఎతికినాం. ఆ రోజే మా ఇంటిది దీన్ని కట్టేసినాది. పడ్డా తేల్తాదని."

"మరి రెండూ ఎందుకు మావా? ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి గాని."

"ఇంట్లో ఎడితే ఎక్కడెట్టినాదో అదే మర్సిపోతాది. ఒక్క సోట ఉంటే రెండూ తేల్తాయి కదేటి."

మేం ముగ్గురం నవ్వుకున్నాం. రోగం ఏమిటో, ఎందుకు వచ్చిందో, ఎప్పటినుంచో, అన్నీ ఆయన ఆ రెండు మాటల్లో చెప్పేశాడు. మందు నా నోటితోనే వచ్చింది. నేను స్కానర్ తీసుకుని బండి దగ్గరికి వెళ్లాను.

తాళం గుర్తించలేదని స్కానర్ చూపించింది. నేను రిమోట్‌లో బ్యాటరీ మార్చి పంపాను. ఆ బ్యాటరీ తలుపులు తెరవడానికి, చిప్పుకు దానితో సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసీ మార్చాను. ఏదో ఒకటి చేశానని కాగితం మీద ఉండాలి కదా! నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. మళ్లీ బెండు, మళ్లీ ముడి, మళ్లీ ఒక్క తాళం. ఈసారి చుట్ట దగ్గర కనెక్టర్ విప్పితే పచ్చగా చిలుం కనిపించింది. సముద్రపు ఉప్పుగాలి అని తేల్చేశాను. శుభ్రం చేసి, కాలరెగరేసుకుంటూ బండి అప్పజెప్పాను.

మూడోసారి వచ్చినప్పుడు రెండు రోజులు బండిని మా దగ్గరే ఉంచుకున్నాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తిప్పాను, ఎండలో నిలబెట్టి తిప్పాను, తడిపి తిప్పాను. ప్రతిసారీ బుద్ధిగా స్టార్టయింది. ఎందుకవదు? మా దగ్గరున్నది ఒక్క తాళమే. రెండోది ఊళ్లో, ఆయన జేబులో, బెండుకు వేలాడుతోంది. జాబ్ కార్డు మీద 'లోపం కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఈ రెండు పదాలు నా సర్వీసులో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. లోపం లేదని కాదు దానర్థం, నాకు కనబడలేదని. కానీ చదివేవాడికి లోపం లేదనే అనిపిస్తుంది, రాసేవాడికీ తెలుసు.

బండి తీసుకెళ్లడానికి వచ్చి ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"బాబూ, ఒక మాటడుగుతాను. ఆ కాపలాగాడెవుడో ఉన్నాడన్నావు కదా, ఆణ్ణి పీకీ. మా ఊళ్లో మెకానిక్కు పీకేస్తానన్నాడు గానీ నాకు నీ మీదే గురి. సేపల కంపుకొట్టే బండిని ఎవుడు ఎత్తుకెల్తాడు సెప్పు?"

"తప్పు మావా. అది తీసేస్తే దొంగకు తలుపు తెరిచినట్టే. ఎవరి చేతా తీయించకు. బండికేం కాదు, నాదీ పూచీ."

తీయకపోవడం సరైన పనే. ఇప్పుడు అడిగినా తీయను, మీరూ తీయకండి. కానీ పూచీ పడ్డాను చూశారా, అదీ నా తప్పు. పట్టుకోలేని రోగానికి పూచీ పడటానికి నేనెవర్ని?

ఆయన నా మాట విన్నాడు. ఊళ్లో మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు.

అటుపై మూడు వారాలకు, ఒక ఉదయం బండి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయన రాలేదు. కొడుకు వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మనిషి, గుండు చేయించుకుని ఉన్నాడు. ఆ గుండు చూసి కౌంటర్లో అమ్మాయి లేచి నిలబడింది. ఏం చేయాలో తెలియక రిజిస్టరు తెరిచింది.

"రాసుకో," అన్నాడు. "మజ్జాన్నం బువ్వ కాడ గుండెలో నొప్పన్నాడు మా నాన్న. బేగి ఎనక సీట్లో పడుకోబెట్టినాం. నాను తాళం తిప్పినాను. ఎర్రబొమ్మ. మల్లీ తిప్పినాను. ఎర్రబొమ్మ. ఊరోల్లందరూ ఒచ్చి ఇసకలో తోసినారు. మా నాన్న లోపలుండగానే తోసినారు. రాసుకో."

తోస్తే మాత్రం ఆ కాపలావాడు వింటాడా? ఎంత తోసినా వినడు. ఆ ఊరి వాళ్లకు అది తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

"సివరాకరికి ఐసుపెట్టెలు దించేసి సేపల ఆటోలో ఏసినాం. టౌను దాకా రానేదు."

గుత్తి కౌంటర్ మీద విసిరాడు. బెండు ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. రెండు తాళాలతో, ముడి విప్పకుండా, మొత్తం గుత్తి మా చేతికి రావడం అదే మొదటిసారి.

దాన్ని అలాగే తీసుకుని బండిలో కూర్చున్నాను. వెనక సీటు వైపు చూడలేదు. తాళం పెట్టి తిప్పాను. ఎర్రబొమ్మ మినుకుమంది. మళ్లీ తిప్పాను. మినుకుమంది. రెండో తాళం నా వేళ్ల పక్కనే, చుట్టను ఆనుకుని ఊగుతోంది. ఆయన లాగినట్టే ముడి కొస పట్టుకుని లాగాను. రెండో తాళాన్ని తీసుకెళ్లి దూరంగా బెంచీ మీద పెట్టి వచ్చి తిప్పాను. ఒక్క తిప్పుకు అందుకుంది. పక్కన పెడితే లేవదు, దూరం పెడితే లేస్తుంది. పదిసార్లు చేశాను. స్కానర్ వైపు చూడనైనా చూడలేదు.

చుట్ట నువ్వెవరని అడిగితే రెండు చిప్పులూ ఒకేసారి జవాబు చెప్తున్నాయి. ఇద్దరూ ఒక్కసారి అరిస్తే ఎవరి మాటా అర్థం కానట్టే. తాళం ఊగిన తీరును బట్టి ఒకసారి కుదురుతుంది, ఒకసారి కుదరదు. అందుకే ఆయన మూడొస్తేనే లేస్తుందన్నాడు. అంతే రోగం. దీనికి పనిముట్టు అక్కర్లేదు, విడిభాగం అక్కర్లేదు.

కౌంటర్లో అమ్మాయి నా వెనక నిలబడి అంతా చూసింది. "మనమే కదన్నా," అంది, "ఒక్క తాళం చాలన్నది. నేనే కదన్నా అడిగాను." ఆమె ఏడుపు నాకు చికాకు తెప్పించి, "నువ్వు బోర్డులో ఉన్నది చెప్పావు, నీకేం తెలుసు, ఫో" అని కసిరాను. నవ్వినవాణ్ణి నేను. తెలిసి ఉండాల్సినవాణ్ణి నేను.

మేనేజరు వచ్చి, విని, ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే కస్టమర్ తప్పే! రెండు తాళాలు కలిపి కట్టడం వల్ల అని రాయండి. ఆ అబ్బాయి చేత సంతకం పెట్టించండి. మన మీదికి రాదు."

సంతకం కోసం కార్డు పట్టుకుని బయటికి వచ్చాను. ఆ కుర్రాడు బండి నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"దొరికిందేటి?"

"ఆఁ."

"ఎవుడు సేసిన పనది? సెప్పు. ఎవుడైనా సరే, సచ్చినా ఆడి మొకం సూడను. మా నాన్న మీద ఒట్టు."

ఆ మాట అనకుండా ఉండి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణేమో. మా ఇంటిది కట్టేసిందని ఆయన నవ్వుతూ చెప్పిన మాట నా చెవిలో ఉంది. ఈ కార్డు మీద ఆ ఒక్క వాక్యం రాస్తే ఈ కుర్రాడు దాన్ని తీసుకుని ఎక్కడికి పోతాడో నాకు కనిపించింది. నేను మిషన్ చర్చి మనిషిని, అబద్ధం ఆడకూడదని ఆదివారం బడిలో నేర్చుకున్నవాణ్ణి.

"లోపల చుట్టలో తీగ తెగి ఉంది తమ్ముడూ," అన్నాను. "కంటికి ఆననంత సన్నగా తెగింది. మూడుసార్లు చూసీ కనిపెట్టలేకపోయాను. తప్పు నాది."

లేచి చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరిపడింది. రెండో దెబ్బకు మావాళ్లు వచ్చి పట్టుకున్నారు. నేను ఒగ్గేయమన్నాను. ఆ దెబ్బ నాకు రావలసిందే, ఏ కారణానికైతేనేం.

కార్డు మీద చుట్ట పాడైందని, గతంలో గమనించలేదని రాసి సంతకం పెట్టాను. బాగున్న చుట్ట పీకి కొత్తది వేశాను. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, తలకాయ ఉందా అని అడిగాడు. పైనుంచి మెమో వచ్చింది. ఏడాదిపాటు స్కానర్ ముట్టుకోనివ్వలేదు, కడిగిన బండ్లు చూసి పంపే చోట నిలబెట్టారు. తమాషా ఏమిటంటే, లోపం కనబడలేదని రాసినందుకు నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. కొత్త చుట్ట వేసినా రోగం పోదు. ఆ ఇంట్లో తాళాలు మళ్లీ కలిపి కడితే మళ్లీ అదే. ఇంకోసారి ఇంకెవరికి ప్రాణం మీదికి వస్తుందో! అందుకని పన్నెండో రోజు దాటాక నేనే బండి తోలుకుంటూ ఆ ఊరు వెళ్లాను. బండి దిగి రెండు తాళాలు రెండు కవర్లలో పెట్టాను. బెండు, దారం విడిగా సంచిలో వేసుకున్నాను. అవి వాళ్ల వస్తువులు, ఉంచుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కొడుకు సముద్రం మీద వేటకు వెళ్లాడు. ఆయన భార్య ఒక్కతే అరుగు మీద ఉంది. సన్నటి మనిషి. తీగ తెగిందనే నా అబద్ధం ఆవిడకు అప్పటికే కొడుకు చెప్పాడు.

"మా వోడు సెయ్యి సేసుకున్నాడంట కదా బాబూ. మనసులో ఎట్టుకోకు. తండ్రి పోయిన బాద."

"లేదమ్మా, తప్పు మాదే." ఆ మాట మాత్రం నిజంగానే అన్నాను.

మజ్జిగ తెచ్చిచ్చింది. నేను కవర్లు, సంచి అరుగు మీద పెట్టి, ఒకటి బండికి, ఒకటి బీరువాలోకి అని వల్లించుకొచ్చిన మాటలు అప్పజెప్పాను. ఆవిడ వింటున్నట్టే తలూపుతూ రెండు కవర్లూ విప్పింది. సంచిలోంచి బెండు తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు దాన్ని నిమిరింది. తర్వాత అలవాటున వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక తాళంలోంచి దారం దూర్చింది, రెండో తాళంలోంచి దూర్చింది, దగ్గరికి లాగింది.

"వద్దమ్మా!"

అరిచాను. ఎదురింటి మనిషి గుమ్మంలోకి వచ్చి చూసేంత గట్టిగా అరిచాను. మజ్జిగ గ్లాసు నా చేతిలోంచి జారిపోయింది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నా మొహం చూసింది. ఒళ్లో ఉన్న రెండు తాళాల వంక చూసింది. మళ్లీ నా మొహం చూసింది.

"కలిపి కడితే ఏటవుతాది బాబూ?"

"ఏమీ అవదమ్మా. పోతే రెండూ ఒకేసారి పోతాయని... అంతే."

"తేల్తాయనే కదా కట్టినాను."

వంగి, పడ్డ గ్లాసు తీసి అరుగు మీద పెట్టాను. మాట్లాడాల్సింది. మేం అడగలేదమ్మా, మూడుసార్లు ఇది మా కళ్ల ముందే ఉంది, నేను నవ్వి ఊరుకున్నానమ్మా, తప్పు దీన్ని కట్టిన చేతిది కాదు, చూసి నవ్విన కళ్లది అని చెప్పాల్సింది. ఇప్పుడు ఎన్నైనా రాయగలను. ఆ పూట నేను చేసింది గ్లాసు ఎత్తి పెట్టడమే. మీలో ఎవరైనా ఆ కుర్రాడికి తెలిసినవాళ్లుంటే ఈ నాలుగు మాటలూ చదివి వినిపించండి. ఇప్పుడు వింటే తల్లిని ఏమీ అనలేడు. అనడని కూడా నా ఆశ.

"ఆ మజ్జాన్నం," అంది ఆవిడ, "మేకుకి ఏలాడతన్న గుత్తి తీసి మా వోడి సేతిలో ఎట్టింది నానే."

దారం కొస లాగింది. తాళాలు రెండూ వీడిపోయాయి. ఒకటి కొంగున కట్టుకుంది. ఒకటి అరుగు మీద, తనకు దూరంగా పెట్టింది. దారాన్ని బెండు చుట్టూ జాగ్రత్తగా చుట్టి నా సంచిలో వేసింది. ఏడవలేదు. వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇది నువ్వట్టుకెల్లిపో బాబూ. మా గుంటడికి సెప్పకు. ఆడికి ఇంక నాను ఒక్కర్తినే ఉన్నాను."

చెప్పనన్నాను. సంచి చంకన పెట్టుకుని బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను.